ఎర్ర తొట్టి

పెద్దాసుపత్రిలో ఒడియా డాక్టరమ్మ
కాగితం వెనక్కి తిప్పి ఒక తీగ గీసింది,
తీగ మీద తొడుగు గీసి
దాన్ని అక్కడక్కడ చెరిపేసింది.
ఎమ్మెస్ అంది. రెండక్షరాల జబ్బు.
"గంజి పోయిన పోగులాగనా?" అన్నాడు మా ఆయన తెలుగులో.
ఆవిడకి ఆ మాట అందలేదు.
ఈశ్వరికి అందింది.

ముప్పై నాలుగేళ్ళ నా ఆడబిడ్డ.
దేరా వీధిలో అన్ని దీపాలూ ఆరిపోయాక కూడా
మగ్గం గుంటలో తొక్కుడు చెక్క మీద
ఎడమా కుడీ, ఎడమా కుడీ
వినిపిస్తూ ఉండిన కాళ్ళు.
ఒక ఆషాఢం పొద్దున్న కుడికాలు
పిలిస్తే పలకలేదు.

ఆ తర్వాత ఏడాదంతా నేను చేసిన తప్పు
అచ్చం ప్రేమలాగే ఉండేది.
చెంబు అందుకోబోతే నేనే అందించాను.
గడప దాటబోతే "ఆగాగు" అన్నాను.
చూడ్డానికొచ్చిన వాళ్ళందరూ
"కదలకమ్మా, అలిసిపోతావు" అనీసి
అప్పడాల పొట్లం పెట్టి వెళ్ళారు.
మంచం ఆమెను కాస్త కాస్తగా నేర్చుకుంది.

"కదలాలి" అంది డాక్టరమ్మ ఈసారి,
"కానీ ఒళ్ళు వేడెక్కకూడదు."
బరంపురంలో! వైశాఖంలో!
గోడలకే చెమటలు పట్టే ఊళ్ళో!
తిరుగు ఆటోలో ముగ్గురం
ఒక్క మాటా మాట్లాడుకోలేదు.

రాత్రి మా ఆయన పెరట్లోకి వెళ్ళాడు.
మావగారి కాలంలో పట్టుకి రంగులద్దిన సిమెంటు తొట్టి,
ఆ పని మిల్లుకి పోయాక
పిల్లులు ఈనిన తొట్టి.
కొబ్బరి పీచుతో రెండు రోజులు రుద్దాడు,
ఇటికలు పేర్చి మెట్లు కట్టాడు.
నలభై ఏళ్ళ ఎరుపు మాత్రం పోలేదు.
"ఉండనీ అన్నియ్యా" అంది ఈశ్వరి.

నాలుగున్నరకి నూతి నీళ్ళు. నడుము లోతు.
గోడకి బిగించిన పాత మగ్గం తాడు ఒక చేతికి,
రెండో చెయ్యి మొదట్లో నాకిచ్చేది.
ఇటు ఏడడుగులు, అటు ఏడడుగులు.
నేల మీద బస్తాలా ఈడ్చుకునే కాలు
నీళ్ళలో ఎవరో ఎత్తుకున్న బిడ్డయ్యేది.

లెక్క ఆమెదే.
"ఎనిమిది తిరుగుళ్ళు తిరగ్గలను వదినా,
ఆరుకే ఆపీస్తాను.
రెండు దాచుకోవాలి, జడేసుకోడానికి."
ఇంకో రెండు తిరుగమని ఒకనాడు పోరాను.
మర్నాడూ, ఆ మర్నాడూ
ఆమె మంచం దిగలేదు.
నా నోరు అప్పుడు మూతపడింది.

కొన్ని రోజులు తొట్టి దాకా రాదు.
ఎందుకని నేనడగను.
ముప్పై బకెట్లు తోడినవాడూ అడగడు,
నీళ్ళు బీరపాదుకి వదిలేస్తాడు.
ఈ ఏడు బీర విరగకాసింది.

చెయ్యివ్వడం నాకెవరూ నేర్పక్కర్లేకపోయింది.
చెయ్యి దాచుకోవడమే ఇంకా రావడం లేదు.
పైటకొంగులో పిడికిళ్ళు రెండూ చుట్టి
తొట్టి గట్టు మీద కూచుంటాను,
జారితే అందేటంత దూరంలో.

ఇవాళ ఆరు తిరిగి మెట్టెక్కింది.
పాదాల మీద లేత ఎరుపు.
పారాణి అన్నాను.
"మా నాన్న పాత బాకీ" అంది.

తడిచీర తనే పిండుకుంది,
తనే తీగ మీద వేసింది.
గాలి లేదు, చీర బరువుగా వేలాడింది.
చేతిలో రెండు క్లిప్పులు.
ఒకటి పెట్టింది.
ఒకటి కింద పడింది.

నేను వంగలేదు.
తొట్టిలో నీళ్ళు ఇంకా ఊగుతూనే ఉన్నాయి.